దస్తరం నుంచి ఓటీపీ దాకా: మన పేరు ఎవరి చేతిలో ఉంది?

(మా పాలకుర్తి చదువుల కథ - 9)



“అన్నా, నా ఓటీపీ నీ ఫోనుకేమన్నా వచ్చిందా?”

2021 చివర్లో మా వాడ చెల్లె ఒకామె మా ఇంటి గడప ముందు నిలబడి అడిగిన మాట ఇది. దానికి నేను చెప్పిన జవాబు ఈ భాగం చివర్లో రాస్తాను. అందులో నా తప్పుంది. ఆ తప్పు ఎంత పాతదో తెలియాలంటే ముందు మన ఊరి చరిత్ర కొంచెం చెప్పుకోవాలి.

మా పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లా. 2016 దాకా వరంగల్ జిల్లా. ఈ ఊరి పేరు చెప్తే చదువుకున్నవాళ్ళకు పాల్కురికి సోమనాథుడు గుర్తొస్తాడు. సంస్కృతం వచ్చినవాళ్ళ మెప్పు కోసం కాకుండా, జనం పాడుకునే ద్విపదలో బసవపురాణం రాసినవాడు. ఆ కథల్లో మాదార చెన్నయ్య లాంటి చెప్పులు కుట్టే భక్తుడికీ చోటుంది. అయితే పుస్తకంలో చోటు దొరకడం వేరు, రికార్డులో చోటు దొరకడం వేరు. మన పేరు కథలోకి వచ్చిన ఏడు వందల ఏళ్ళ తర్వాత కూడా భూమి కాగితంలోకి రాలేదు, బడి హాజరుపట్టీలోకి రాలేదు.

నిజాం కాలంలో ఊరి రికార్డంతా పట్వారీ దస్తరంలో ఉండేది. గుడ్డలో కట్టిన కాగితాల మూట అది. ఆ మూట కచ్చీరులో కాదు, పట్వారీ ఇంట్లో ఉండేది. ఎవరి భూమి ఎంత, ఎవరు కాస్తు చేస్తున్నారు, ఎవరు శిస్తు బాకీ అనేది అందులో ఉండేది. సర్కారు భాష ఉర్దూ. ఊరి భాష తెలుగు. హైదరాబాద్ రాష్ట్రంలో 1951 లెక్కల నాటికి కూడా చదువు వచ్చినవాళ్ళు నూటికి పది మంది లేరు. దళితుల్లో ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. తన పేరు ఎదుట ఏం రాశారో చదవలేనివాడు, రాసినవాడు చెప్పిందే నమ్మాలి. దొర కొరడా ఒకసారి కొడితే వీపు మీద వాత పడేది. పట్వారీ కలం ఒకసారి గీస్తే మూడు తరాల మీద వాత పడేది.

ఐలమ్మ పోరాటాన్ని ఈ వైపు నుంచి ఒకసారి చూడండి. ఆమె బొమ్మ గీసినప్పుడు మనం చేతిలో కర్ర పెడతాం, కొడవలి పెడతాం. మంచిదే. కానీ ఆ పోరాటం మొదలైంది ఒక కాగితం దగ్గర. చిట్యాల ఐలమ్మ చాకలి కులపు మనిషి. మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకుని సేద్యం చేసింది. వెట్టికి రానని చెప్పింది, సంఘంలో చేరింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆ భూమి తనదేనని కాగితం పుట్టించాడు. పంట కోసుకుపోవడానికి వంద మంది గూండాలను పంపాడని, సంఘం వాలంటీర్లు 28 మంది నిలబడి వాళ్ళను తరిమారని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు. కోసిన పంట ఐలమ్మ ఇంటికి చేరింది. తర్వాత కేసులు, జైళ్ళు, దాడులు అన్నీ అయ్యాయి. అయినా భూమి దొరకు దక్కలేదు.

ఐలమ్మ బలం ఆమె ధైర్యంలో ఉంది, సంఘంలో ఉంది. దొర బలం మాత్రం గూండాల్లోనే లేదు. “ఈ భూమి నీదని ఎక్కడ రాసుంది?” అని అడగగలగడంలో ఉంది. ఈ ప్రశ్నను గుర్తు పెట్టుకోండి. ఇప్పటికీ అడుగుతున్నారు, కంప్యూటర్ తెర మీద.

ఇక పేర్ల సంగతి. మా తాత పేరు మల్లయ్య. నా చేతికొచ్చిన ఒక పాత కాగితంలో “మల్లడు” అని ఉంది. ఊళ్ళో దొరవారి పిల్లలు కూడా ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళు. పేరు చివర “అయ్య” అనేది మనకు పుట్టుకతో వచ్చిన హక్కు కాదు, గుంజుకున్న హక్కు.

హైదరాబాద్‌లో దీన్ని మొదట అర్థం చేసుకున్నవాళ్ళలో ఒకరు భాగ్యరెడ్డి వర్మ. 1888లో పుట్టినప్పుడు ఆయన మాదరి భాగయ్య. ఇంటి గురువు భాగ్యరెడ్డి అన్నారు. 1913లో ఆర్యసమాజం వాళ్ళు వర్మ అనే బిరుదిచ్చారు. 1910 నుంచి ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో అంటరాని పిల్లలకు బడులు పెట్టాడు. బడితో పాటే పేరు కోసం కొట్లాడాడు. మమ్మల్ని మీరు పెట్టిన తిట్టుపేర్లతో రాయొద్దు, ఈ నేల మొదటి మనుషులం, ఆది హిందువులమని రాయండి అన్నాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం సర్కారు ఆ పేరు రాసింది. ఆ పేరులో “హిందూ” ఉండటం మీద మనకు ఈరోజు వాదన ఉండొచ్చు. ఉండాలి కూడా. కానీ ఆయన పట్టుకున్న సూత్రం మీద వాదన లేదు. పలక పట్టుకోవడం, పేరు పెట్టుకోవడం రెండూ ఒకే చదువు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైంది. తిట్టుగా వాడిన మాటను మనవాళ్ళు పేరు చివర తగిలించుకున్నారు. దాచుకున్నది జెండా అయింది. ఆ తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు “స్వేరో” అనే మాట తెచ్చుకున్నారు. సోషల్ వెల్ఫేర్‌లోని మొదటి అక్షరాలకు ఆకాశం అనే అర్థమున్న మాట కలిపి పెట్టుకున్న పేరు. ఫేస్‌బుక్‌లో వేలమంది పిల్లల పేర్ల పక్కన ఆ మాట వచ్చి చేరింది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, అందులో తాము చదివిన బడిని రాసుకున్నారు. భాగయ్య చేసిన పనే ఇది. కాకపోతే ఈసారి సెన్సస్ అధికారిని బతిమాలాల్సిన పని లేదు.

నా సంగతి చెప్తాను. నేను 2010లో హన్మకొండలో ఒక నెట్ సెంటర్‌లో ఫేస్‌బుక్ తెరిచాను. గంటకు పదిహేను రూపాయలు. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు వచ్చాయి. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ళకు వెనకుంటుంది. ఆ తికమక ఒకటి. అసలు భయం వేరే. మా ఇంటిపేరు రాస్తే మా జిల్లావాళ్ళు ఎవరైనా కులం చెప్పేస్తారు. పావుగంట ఆ గడి వైపు చూశాను. అంటే నాలుగు రూపాయల సిగ్గు. చివరికి ఊరి పేరు రాశాను, “పాలకుర్తి” అని. కొన్నాళ్ళకు ఒక సాహిత్యాభిమాని మెసేజ్ పెట్టాడు, “మీరు సోమనాథుడి వంశమా?” అని. నేను అవునని చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. ఆ మౌనం ఆరేళ్ళు సాగింది.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల వెళ్ళిపోయాడు. అతని చివరి ఉత్తరం దేశమంతా చదివింది. నేను దానికి ముందు అతను ఫేస్‌బుక్‌లో ఏళ్ళ తరబడి రాసినవి కూడా చదివాను. తర్వాత అవి పుస్తకంగా కూడా వచ్చాయి. తన పేరుతో, తన మొహంతో, పగలూ రాత్రీ వాదించిన మనిషి. ఆ రాత్రే నా పేరు మార్చి, మా ఇంటిపేరు రాసుకున్నాను. ఆ వారంలో నలభై మంది దాకా స్నేహితులు జారిపోయారు. జారిపోయినవాళ్ళు నా స్నేహితులు కాదని, ఆ సోమనాథుడి వంశస్థుడి స్నేహితులని అర్థమైంది.

అంటే అందరూ కులం రాసుకోవాలని నేను చెప్తున్నానా? లేదు. ఇంటర్ చదివే ఒక ఆడపిల్ల తన ఫోటో, ఊరు, కులం దాచుకుంటే అది పిరికితనం కాదు, జాగ్రత్త. రాయడమా, దాచడమా అనేది నీ ఇష్టం కావాలి. నా 2010 మౌనం నా ఇష్టం కాదు, నా భయం. తేడా అక్కడుంది.

ఇప్పుడు వేలిముద్ర కథ. తొంభైల మొదట్లో జిల్లా జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిబడులు, పలకలు, కందిలి వెలుగు. మా అమ్మ పగలంతా నాట్లు వేసి, రాత్రి వచ్చి అక్షరాలు దిద్దింది. సంతకం నేర్చుకోడానికి నాలుగు నెలలు పట్టింది. డ్వాక్రా పుస్తకంలో మొదటిసారి సంతకం పెట్టిన రోజు ఇంటికొచ్చి చెయ్యి కడుక్కోలేదు. “ఇగ నా బొటనవేలుకు సిరా అంటది” అన్నది. ముప్పై ఏళ్ళు తిరగక ముందే రేషన్ షాపులో మిషన్ వచ్చింది. మళ్ళీ వేలు పెట్టమన్నారు. ఏళ్ళ తరబడి బురదలో పనిచేసిన వేలు, గీతలు అరిగిపోయాయి. మిషన్ పట్టదు. “సంతకం పెడతా బిడ్డా” అంటది అమ్మ. సంతకానికి అక్కడ చోటు లేదు. మనం నిచ్చెన ఒక మెట్టు ఎక్కేసరికి ఇల్లు మారిపోతోంది. డిజిటల్ అక్షరాస్యత అనే పెద్ద మాటకు మా ఇంట్లో అర్థం ఇదే.

2020కి వద్దాం. మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇల్లు, కేబుల్ బిల్లు కట్టని ఇల్లు, ఒక్క ఫోను మీద నలుగురు పిల్లలున్న ఇల్లు, అన్నీ మా వాడలోనే ఉన్నాయి. లాక్‌డౌన్‌కు ముందే, 2017-18 జాతీయ నమూనా సర్వేలో దేశంలోని పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్ళు నూటికి 4.4 అని, ఇంటర్నెట్ వాడే వీలున్నవి 14.9 అని తేలింది. లెక్క తెలిసే తరగతులు ఆన్‌లైన్‌కు మారాయి.

అంబేడ్కర్ చిన్నప్పుడు తను కూర్చునే గోనెపట్టాను ఇంటి నుంచి మోసుకెళ్ళి, సాయంత్రం మళ్ళీ ఇంటికి మోసుకొచ్చేవాడు. 2020లో ఆ గోనెపట్టా పేరు స్మార్ట్‌ఫోన్. నీ పట్టా నువ్వే తెచ్చుకో, లేకపోతే తరగతి బయట నిలబడు.

ఫోను లేని మా వాడ పిల్ల ఒకతి, తండ్రి జీతం చేసే ఆసామి ఇంటికి పోయి, వాళ్ళ అబ్బాయి ఫోనులో క్లాసు వినేది. వరండాలో కూర్చుని. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆ పిల్ల పేరు లేదు. ఫోను యజమాని పేరు, ఫోటో కనిపిస్తాయి. పాప హోంవర్క్ పంపితే అది అతని పేరు మీద పోతుంది. సారు “గుడ్” అని పెడితే అతనికి పెట్టినట్టే. పాత రోజుల్లో దున్నినవాడు ఒకడు, పహాణీలో పేరు ఇంకొకడిది. నేను ఆ పిల్లను చూసినప్పుడు నాకు పహాణీయే గుర్తొచ్చింది.

ఫోను ఉంటే గౌరవం దొరుకుతుందా అంటే, అదీ లేదు. 2021 ఏప్రిల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ఆన్‌లైన్ తరగతిలో ఒక అధ్యాపకురాలు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులున్న ప్రిపరేటరీ కోర్సు పిల్లలను నోటికొచ్చినట్టు తిట్టింది. ఇలాంటి తిట్లు గది తలుపుల వెనక ఎన్నేళ్ళుగా ఉన్నాయో మనకు తెలుసు. ఈసారి వీడియో బయటికొచ్చింది. దేశం చూసింది. సంస్థ ఆమెను సస్పెండ్ చేసింది. ఏ తెర అవమానించిందో ఆ తెరే సాక్ష్యం చెప్పింది. అంతకు పదేళ్ళ ముందే, 2011లో, బత్రన్ రవిచంద్రన్ దళిత్ కెమెరా పెట్టి యూట్యూబ్‌లో మన మాటలు మనమే రికార్డు చేయాలని చూపించాడు. దస్తరం మన చేతికొస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు ఇవి.

ఇక నా తప్పు.

ఆ కరోనా ఏడాది నేను చాలా మంచి పని చేస్తున్నాననుకున్నాను. మా వాడ, చుట్టుపక్కల నాలుగు ఊర్ల పిల్లలకు స్కాలర్‌షిప్ ఫారాలు, అడ్మిషన్ ఫారాలు నా ల్యాప్‌టాప్‌లో ఉచితంగా నింపాను. ముప్పై మందికి పైనే. చాలామందికి సొంత ఫోన్ నంబర్ లేదు, ఈమెయిల్ లేదు. “ఏం ఫికర్ లేదు, నాది పెడతా” అన్నాను. అందరికీ నా రెండో సిమ్ నంబర్, నా ఈమెయిల్. పాస్‌వర్డ్ కూడా నేనే పెట్టాను. అవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరికేం కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. “అన్నా, అన్నా” అని. నిజం చెప్పాలంటే నాకది బాగుండేది.

2021 ఎండాకాలంలో మా నాయినకు జబ్బు చేసింది. ఆ తిరుగుళ్ళలో రెండో సిమ్‌కు రీచార్జ్ చేయలేదు. నెలలు గడిచాయి, నంబర్ పోయింది. అదే సమయంలో ఆ చెల్లె ఫారం ఒక సర్టిఫికెట్ సరిగా లేదని వెనక్కి వచ్చింది. ఆ మెసేజ్ చచ్చిన నంబర్‌కు వచ్చింది. లాగిన్ అయి చూద్దామంటే ఓటీపీ కూడా ఆ నంబర్‌కే పోతుంది. గడువు దాటిపోయింది.

గడప ముందు నిలబడి ఆ పిల్ల అడిగింది, “అన్నా, నా ఓటీపీ నీ ఫోనుకేమన్నా వచ్చిందా?”

“ఆ సిమ్ లేదు చెల్లె” అన్నాను.

ఆ పిల్ల తిట్టలేదు. “సరే అన్నా” అని పోయింది. ఆ ఏడాది ఫీజు రాలేదు. ఫీజు కడితే కానీ సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు. పత్తి ఏరి, మిరప ఏరి, తల్లీబిడ్డా కలిసి ఆ డబ్బు కట్టారు. పీజీ సీటు ఒక ఏడాది వెనక్కి పోయింది. నేను సగం ఇస్తానంటే తీసుకోలేదు.

ఆ రాత్రి నా నోటుబుక్కు తెరిచి చూశాను. ముప్పై పేర్లు. ముప్పై పాస్‌వర్డులు. అన్నీ ఒక మనిషి ఇంట్లో, ఒక బీరువాలో. ఆ పుస్తకం దస్తరం. దాన్ని దాచుకున్న పట్వారీని నేనే. దొర పట్వారీ అన్యాయం చేయాలని రాశాడు, నేను మేలు చేయాలని రాశాను. కానీ పిల్లల పేరు వాళ్ళ చేతిలో లేకపోవడం రెండు చోట్లా ఒకటే. జై భీమ్ అన్నంత మాత్రాన దస్తరం మంచిదైపోదు.

అప్పటి నుంచి పని తీరు మార్చాం. ఆదివారం పొద్దున పిల్లలు, వీలైతే తల్లులు కలిసి కూర్చుంటారు. నేను కీబోర్డు ముట్టను. పక్కన కూర్చుంటాను, అంతే. ఒక్క ఫారానికి నేనైతే పది నిమిషాలు, వాళ్ళకు రెండు గంటలు. ఆ రెండు గంటలే చదువు. మేం నేర్చుకుంటున్నవి ఇవి, మీ ఊళ్ళోనూ మొదలుపెట్టండి:

ఒకటి. టెన్త్ మెమోలో ఉన్న స్పెల్లింగే అన్నిచోట్లా ఉండాలి. ఐలయ్య అనే ఒక్క పేరును ఇంగ్లిషులో మూడు రకాలుగా రాస్తారు. ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఒకటి, కుల ధ్రువపత్రంలో ఒకటి ఉంటే, ఆ మిషన్ దృష్టిలో వాళ్ళు ముగ్గురు మనుషులు. తొమ్మిదో తరగతిలోనే సరిచూసుకోండి.

రెండు. ఈమెయిల్ నీది కావాలి, పాస్‌వర్డ్ నీకే తెలియాలి. ఫోను తల్లిదయినా పరవాలేదు, నంబర్ ఇంట్లోది కావాలి. నెట్ సెంటర్ అన్నది వద్దు. సంఘం నాయకుడిది వద్దు. నాది అసలే వద్దు.

మూడు. ఫారం పంపాక రసీదు దాచుకో. సర్టిఫికెట్లు డిజిలాకర్‌లో పెట్టుకో, కాగితం నకలు ఇంట్లో పెట్టుకో. పదిహేను రోజులకోసారి లాగిన్ అయి చూడు. ఓటీపీ అడిగినవాడికి చెప్పడమంటే సంతకం చేసిన తెల్లకాగితం ఇవ్వడమే.

నాలుగు. ఆన్‌లైన్‌లో కులం పేరుతో ఎవరైనా తిడితే తిరిగి తిట్టే ముందు స్క్రీన్‌షాట్ తీయి. లింకు, తేదీ, టైమ్ కనిపించాలి. ఇంటర్నెట్‌లో పెట్టిన తిట్టు కూడా జనం చూసేచోట తిట్టినట్టేనని 2022లో కేరళ హైకోర్టు ఒక అట్రాసిటీ కేసులో చెప్పింది. కోపం చల్లారిపోతుంది, సాక్ష్యం నిలబడుతుంది.

పోయిన ఆదివారం అమ్మ కూడా వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. ఒక ఎనిమిదో తరగతి పిల్ల ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టి చూపించింది. అమ్మ ఒక్కో అక్షరం వెతికి తన పేరు కొట్టింది. చాలాసేపు పట్టింది. కొట్టాక “దీన్ని ఎవరికి పంపాలె?” అని అడిగింది. “నీ ఇష్టం నానమ్మా” అన్నది ఆ పిల్ల. అమ్మ నాకు పంపింది. నా ఫోనులో ఇప్పుడు అమ్మ నుంచి వచ్చిన ఒకే ఒక్క మెసేజ్ ఉంది. అందులో ఆమె పేరు తప్ప ఇంకేం లేదు.

ఆ చెల్లె ఇప్పుడు పీజీ చదువుతోంది. ఫారాలు తనే నింపుకుంటోంది. సెలవులకు వచ్చినప్పుడు ఆదివారం క్లాసు తనే చెప్తోంది. ఈ భాగం రాసే ముందు, తన సంగతి పేరు లేకుండా రాయనా అని అడిగాను. “రాయన్నా. నీ తప్పు మాత్రం తగ్గించి రాయకు” అన్నది. తగ్గించలేదనే అనుకుంటున్నాను.

నా నోటుబుక్కులోని ముప్పై మందిలో ఇరవై నాలుగు మంది తమ నంబర్లు మార్చుకున్నారు. ఆరుగురు మిగిలారు. వాళ్ళ ఇళ్ళకు నేనే పోతున్నాను. ఆ ఆరూ అయిపోయాక ఆ పుస్తకం పొయ్యిలో పెడతాను.

వచ్చే భాగంలో మా హాస్టల్ రోజులు, ట్రంకు పెట్టెల కథ.

జై భీమ్.